నొప్పి మందు, మగవారి హార్మోను: ఎవరూ అడగని ప్రశ్న

1975లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరం నుంచి థియోడర్ సిసెరో బృందం ఒక చిన్న అధ్యయనాన్ని ప్రచురించింది. హెరాయిన్ మానడానికి మెథడోన్ తీసుకుంటున్న మగవాళ్లు 29 మంది, హెరాయిన్ ఇంకా వదలనివాళ్లు 16 మంది, ఈ జాతి మందులేవీ ముట్టనివాళ్లు 43 మంది అందులో ఉన్నారు. మెథడోన్ వాడేవాళ్ల రక్తంలో టెస్టోస్టిరాన్ సుమారు 43 శాతం తక్కువగా తేలింది. వీర్యం పరిమాణం సగానికి పైగా పడిపోయింది. వీర్యకణాల కదలిక మందగించింది. ఇది అచ్చయిన పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్. ప్రపంచమంతటా వైద్యులు చదివే పత్రిక.

ఈ జాతికే చెందిన నొప్పి మందులను, అంటే ఓపియాయిడ్లను, చాలాకాలం వాడితే సెక్స్ హార్మోన్లు తగ్గే అవకాశం ఉందన్న హెచ్చరికను వాటి వివరపత్రాల్లో చేర్చాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది 2016 మార్చిలో. మధ్యలో 41 ఏళ్లు గడిచాయి. ఆ కాలంలోనే, 1996లో, ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్ర బజారులోకి వచ్చింది. క్యాన్సరుకూ ఆపరేషన్లకూ పరిమితమైన మందులను నడుంనొప్పికీ కీళ్లనొప్పికీ నెలల తరబడి రాయడం అక్కడ మామూలైపోయింది. 2012 ఒక్క ఏడాదిలోనే అమెరికా వైద్యులు 25 కోట్లకు పైగా ఓపియాయిడ్ చీటీలు రాశారు. వాటిని అందుకున్న మగవాళ్లలో ఎంతమందిని “ఈ మందు మొదలుపెట్టాక కోరికలో, సత్తువలో ఏమైనా తేడా వచ్చిందా?” అని అడిగి ఉంటారు? యాభై ఏళ్ల పరిశోధనను తిరగేస్తున్నంతసేపూ నన్ను వెంటాడింది ఈ ప్రశ్నే.

ఏ మందుల గురించి మాట్లాడుకుంటున్నామో ముందే తేల్చుకోవాలి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఈ కోవలోకి రావు. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్, కోడీన్. ప్రయోగశాలల్లో తయారైన ట్రామడాల్, టాపెంటడాల్, ఫెంటనిల్, ఆక్సీకోడోన్, మెథడోన్, బుప్రెనార్ఫిన్. వీటినే ఓపియాయిడ్లు అంటారు. మన మందుల షాపుల్లో ఎక్కువగా కనబడేది ట్రామడాల్. పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రగా కూడా వస్తుంది కాబట్టి, తాము ఓపియాయిడ్ మింగుతున్నామని చాలామందికి తెలియను కూడా తెలియదు.

టెస్టోస్టిరాన్ తయారయ్యేది వృషణాల్లోనే అయినా పగ్గాలు మెదడు చేతిలో ఉంటాయి. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను బయలుదేరుతుంది. అది పక్కనే ఉన్న పీయూష గ్రంథిని తట్టగానే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే మరో రెండు రక్తంలోకి విడుదలవుతాయి. ఎల్‌హెచ్ వృషణాలకు చేరి అక్కడి లేడిగ్ కణాల చేత టెస్టోస్టిరాన్ చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల తయారీ చూసుకుంటుంది. ఈ గొలుసులో అసలు కీలకం మొదటి లంకెలో ఉంది. జీఎన్‌ఆర్‌హెచ్ కుళాయి నీళ్లలాగా ఏకధారగా రాదు, దెబ్బ దెబ్బకీ ఎడమిచ్చి మోగే డప్పులాగా వస్తుంది. ఆ ఎడం ఎంత ముఖ్యమో 1978లో పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు కోతుల్లో చూపించారు. సొంతంగా జీఎన్‌ఆర్‌హెచ్ తయారుకాని కోతులకు దాన్ని ఆగకుండా ఎక్కిస్తే పీయూష గ్రంథి మేలుకోలేదు. గంటకొకసారి కొద్ది నిమిషాలపాటు ఎక్కిస్తే మేలుకుంది. మోతాదు ఎంత పెద్దదైనా లయ లేకపోతే పని జరగదు.

ఓపియాయిడ్లు దెబ్బతీసేది ఈ లయనే. మార్ఫిన్ లాంటి మందు ఒంట్లోకి వెళ్లిన కొద్ది గంటల్లోనే ఎల్‌హెచ్ తగ్గుతుంది, దాని వెనకే టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. వృషణాలకు ఏ జబ్బూ ఉండదు. పని చెప్పేవాళ్లు లేక ఊరకే ఉంటాయి, అంతే. అందుకే ఈ మగవాళ్ల రక్తపరీక్షలో టెస్టోస్టిరాన్ తగ్గినా ఎల్‌హెచ్ పెరగదు. వృషణాలే పాడైతే పీయూష గ్రంథి మరింత గట్టిగా అరిచి ఎల్‌హెచ్‌ను పెంచేది. రెండూ తక్కువగానో, టెస్టోస్టిరాన్ తగ్గి ఎల్‌హెచ్ మామూలుగానో కనిపిస్తే లోపం పైన, మెదడు దగ్గర ఉందని వైద్యుడికి అర్థమవుతుంది.

ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది, ఎందుకంటే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఈ భాగం. మెదడులో ఓపియాయిడ్లు వచ్చి కూర్చునే చోటు, అంటే రిసెప్టర్, ఉందని 1973లో జాన్స్ హాప్కిన్స్‌లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ నిరూపించారు. గసగసాల మొక్క కోసం మన మెదడు ముందుగానే పీట వేసి ఉంచుకోదు కదా, మరి అది ఎవరి కోసం? 1975లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్లిట్జ్ జవాబు కనుక్కున్నారు. మెదడు తనంతట తానే మార్ఫిన్‌లాంటి పదార్థాలను తయారు చేసుకుంటుంది. వాటికి ఎన్‌కెఫలిన్లని పేరు పెట్టారు. హెరాయిన్, మెథడోన్ వాడే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గిందని మొదటి లెక్కలు వచ్చిందీ సరిగ్గా ఈ ఏళ్లలోనే. తర్వాత ఆరోగ్యవంతులైన మగవాళ్లకు నలోక్సోన్ ఇచ్చి చూశారు. అది ఓపియాయిడ్ల పీటను ఆక్రమించి వాటిని కూర్చోనివ్వని మందు. నల్లమందు జోలికి ఏనాడూ పోని ఆ మనుషుల్లోనూ ఎల్‌హెచ్ పెరిగింది! అంటే మన సొంత ఓపియాయిడ్లు రోజూ ఆ డప్పు మీద ఒక చెయ్యి వేసి, శబ్దాన్ని అదుపులో ఉంచుతున్నాయన్నమాట.

ఆ చెయ్యి ఎక్కడ ఉందో ఇటీవల మరింత స్పష్టమైంది. హైపోథాలమస్‌లో ఒక గుంపు నాడీకణాలు కిస్‌పెప్టిన్ అనే పదార్థంతో జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను మోగిస్తాయి. (పెన్సిల్వేనియాలోని హెర్షీ ఊళ్లో దీని జన్యువును కనుగొన్నవాళ్లు ఆ ఊరి ‘కిస్సెస్’ చాక్లెట్ మీద మోజుతో ఆ పేరు పెట్టారు.) ఆ కణాలే డైనార్ఫిన్ అనే సొంత ఓపియాయిడ్‌ను కూడా విడుదల చేసి ప్రతి దెబ్బ తర్వాత తమను తాము ఆపుకుంటాయి. మోగించేదీ, ఆపేదీ ఒకే చోట ఉంటేనే లయ పుడుతుంది. జబ్బు, ఆకలి, తీవ్రమైన ఒత్తిడి వచ్చినప్పుడు శరీరం సంతానం పనిని పక్కన పెట్టి ప్రాణం కాపాడుకునే పనిలో పడుతుంది. అందులోనూ ఈ సొంత ఓపియాయిడ్ల చెయ్యి ఉందని పరిశోధకులు భావిస్తారు. అంటే బయటి నుంచి వచ్చే మాత్ర కొత్తగా కనిపెట్టిన హాని ఏమీ లేదు. శరీరం అవసరానికి కాసేపు తొక్కే బ్రేకును అది నెలల తరబడి తొక్కి పట్టి ఉంచుతుంది.

ఇది ఎంతమందికి జరుగుతుంది? 2002లో కాలిఫోర్నియాకు చెందిన హ్యారీ డానియెల్ నిదానంగా విడుదలయ్యే ఓపియాయిడ్ మాత్రలు వాడుతున్న 54 మంది మగవాళ్లను పరీక్షిస్తే 74 శాతం మందిలో టెస్టోస్టిరాన్ ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. మోతాదు పెరిగినకొద్దీ హార్మోను తగ్గింది. అంతకు రెండేళ్ల ముందు యూరప్‌లో, వెన్నులోకే పంపు ద్వారా మందు ఎక్కించుకుంటున్నవాళ్లను పరీక్షిస్తే 29 మంది మగవాళ్లలో 25 మందికి హార్మోను బాగా తక్కువ. 2015లో అప్పటిదాకా వచ్చిన 17 అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన బావర్ బృందం, ఓపియాయిడ్లు వాడే మగవాళ్లలో టెస్టోస్టిరాన్ సగటున డెసిలీటరుకు 165 నానోగ్రాములు తక్కువని తేల్చింది. మామూలు పరిధికి దిగువ గీత ఇంచుమించు 300 అనుకుంటే, అందులో సగానికి పైగా కోత ఇది. ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ తేడా ఆ లెక్కలో కనబడలేదు. వాళ్లకు హాని మరో దారిలో వస్తుంది, నెలసరి గతి తప్పుతుంది లేదా ఆగిపోతుంది. 2020లో డి వ్రీస్ బృందం 52 అధ్యయనాలను ఒకచోట చేర్చి, ఓపియాయిడ్లు వాడే మగవాళ్లలో 63 శాతం మందికి ఈ లోపం ఉందని లెక్కవేసింది. అదే సమీక్షలో, వాడేవాళ్లలో ఆరేడుగురిలో ఒకరికో అంతకన్నా ఎక్కువమందికో కార్టిసాల్ అనే మరో హార్మోను కూడా తగ్గినట్టు కనబడింది. అది ఇంకా ప్రమాదకరం, విడిగా మాట్లాడుకోవలసిన విషయం.

ఈ అంకెల్ని చూసి వెంటనే తీర్పు చెప్పకూడదు. చాలా అధ్యయనాలు ఒకే ఒక్క రోజు రక్తం తీసి చూసినవి, మందుకు ముందు ఎంత ఉందో చెప్పనివి. దీర్ఘకాలపు నొప్పి ఉన్న మనిషికి నిద్ర సరిగ్గా ఉండదు, నడక తగ్గి బరువు పెరుగుతాడు, చక్కెర జబ్బూ ఉండవచ్చు, వయసూ మీద పడుతుంటుంది. ఇవన్నీ ఓపియాయిడ్ల అవసరం లేకుండానే టెస్టోస్టిరాన్‌ను తగ్గించగలవు. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆసుపత్రిలో అరుణ్ రాజగోపాల్ బృందం 2004లో ప్రచురించిన పని ఈ విషయంలో చక్కని కొలబద్ద. క్యాన్సర్ నుంచి కోలుకుని ఓపియాయిడ్ల మీద ఉన్న 20 మందిలో 18 మందికి హార్మోను లోపం కనబడింది. క్యాన్సర్ నుంచే కోలుకుని, ఓపియాయిడ్లు వాడని 20 మందిలోనూ 8 మందికి కనబడింది. జబ్బు వాటా 8. 18కీ 8కీ మధ్య ఉన్న అగాధంలో ఎక్కువ భాగం మందుదని నేను నమ్ముతాను, ఎందుకంటే మందు ఇస్తే కొద్ది గంటల్లో హార్మోను తగ్గడం, ఆపేస్తే కొన్ని రోజుల నుంచి వారాల్లో తిరిగి కోలుకోవడం మనుషుల్లో చూసినవే. ఊబకాయానికీ వయసుకూ ఆ వేగం ఉండదు.

మందులన్నీ ఒకే రకంగా హాని చేయవన్నది ఈ పరిశోధనల్లో రోగికి అన్నిటికన్నా పనికొచ్చే విషయం. 2013లో కాలిఫోర్నియాలో ఆండ్రియా రూబిన్‌స్టీన్ బృందం 81 మంది మగవాళ్లను చూస్తే, ఎక్కువసేపు పనిచేసే ఓపియాయిడ్లు వాడేవాళ్లలో 74 శాతం మందికి, తక్కువసేపు పనిచేసేవి వాడేవాళ్లలో 34 శాతం మందికి లోపం ఉంది. డప్పు పోలికకు తిరిగి వెళితే కారణం ఊహించవచ్చు. నాలుగైదు గంటల్లో దిగిపోయే మందు మధ్యమధ్యలో డప్పు మోగడానికి కాస్త ఎడమిస్తుంది. ఫెంటనిల్ పట్టీ, మెథడోన్, నిదానంగా విడుదలయ్యే మాత్ర పగలూ రాత్రీ ఒకే మట్టంలో ఉండి ఆ ఎడాన్ని మూసేస్తాయి. మందు మట్టం ఎగుడుదిగుళ్లు లేకుండా ఉండడమే ఆ మాత్రల గొప్పతనమని ఇన్నాళ్లూ ప్రచారం చేశారు. హార్మోను వైపు నుంచి చూస్తే గొప్పగా చెప్పుకున్న ఆ గుణమే లోపం.

బుప్రెనార్ఫిన్ కథ వేరు. 2005లో జర్మనీలో జరిగిన అధ్యయనంలో దాన్ని వాడుతున్న 17 మందిలో టెస్టోస్టిరాన్, మెథడోన్ వాడుతున్న 37 మందిలోకన్నా స్పష్టంగా ఎక్కువగా ఉంది, లైంగిక ఇబ్బందులూ తక్కువ. మార్ఫిన్ కూర్చునే పీట మీద బుప్రెనార్ఫిన్ గట్టిగానే కూర్చున్నా పాక్షికంగానే పని చేస్తుంది, డైనార్ఫిన్ కూర్చునే మరో పీటను మూసేస్తుంది. కారణం అదే కావచ్చు. మత్తు అలవాటు మాన్పించే మన దేశపు కేంద్రాల్లో ఎక్కువగా ఇచ్చేది బుప్రెనార్ఫినే. ఆ మేరకు మనవాళ్లకు ఇది ఊరట.

హార్మోను తగ్గిన మనిషి ఏమంటాడు? ఒళ్లు బరువుగా ఉందంటాడు. మంచం దిగబుద్ధి కావడం లేదంటాడు. చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం, కండ తగ్గి పొట్ట పెరగడం, కొందరికి ఒంట్లోంచి వేడి ఆవిర్లు. కోరిక తగ్గిందని, అంగస్తంభన సరిగ్గా లేదని మాత్రం అడిగితే తప్ప చెప్పడు. అడిగినా గొంతు తగ్గించి చెబుతాడు. లోపల ఎముకలు పలచబడతాయి, రక్తహీనత వస్తుంది. ఎర్ర రక్తకణాల తయారీకి టెస్టోస్టిరాన్ కూడా కావాలి మరి. ఈ జాబితాలో ప్రతి లక్షణాన్నీ నొప్పి ఖాతాలోనో, దిగులు ఖాతాలోనో, వయసు ఖాతాలోనో వేసెయ్యవచ్చు. అందుకే ఇది దాక్కుంటుంది. భార్యకు తనమీద ఇష్టం పోయిందేమో అన్న అనుమానం, భర్తకు తన మగతనం పోయిందన్న కుంగుబాటు, ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోవడం. మూల కారణం మాత్రం దిండు పక్కన మాత్రల స్ట్రిప్‌లో ఉంటుంది.

తెలుగు నేల మీద ఈ దాగుడుమూతలకు ఇంకో మలుపు ఉంది. బస్‌స్టాండ్ గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద లైంగిక శక్తి పెంచుతామనే రాతలు చూడనివారు లేరు. వైద్యుడి దగ్గర నోరు విప్పలేని మగవాడు అక్కడికి వెళతాడు, పేరు తెలియని పొడులకు వేలు పోస్తాడు. ఇంకా బాధాకరమైన సంగతి, ట్రామడాల్‌నే ‘టైమింగ్’ కోసం వాడడం. శీఘ్రస్ఖలనాన్ని ఆలస్యం చేసే గుణం దానికి నిజంగానే ఉంది, దాని మీద పరిశోధనలూ జరిగాయి. కానీ అది ఓపియాయిడ్. అలవాటు పడితే మోతాదు పెరుగుతుంది, పెరిగిన మోతాదు కోరికకు మూలమైన హార్మోనునే తొక్కేయగలదు, ఆపితే ఒళ్లు నొప్పులు, వణుకు, నిద్రలేమి. కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ట్రామడాల్‌ను ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల నియంత్రణ చట్టం కిందికి తెచ్చింది. చీటీ లేకుండా అమ్మడానికి వీల్లేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 2.1 శాతం, అంటే సుమారు 2.26 కోట్ల మంది ఏదో ఒక ఓపియాయిడ్ వాడుతున్నారు. అందులో అత్యధికులు మగవాళ్లే.

ఇదంతా చదివి మార్ఫిన్ అంటే భయపడిపోయేవాళ్లుంటారు. ఆ భయం ఈ వ్యాసం వల్ల పెరిగితే నేను చేసింది తప్పవుతుంది. అమెరికా కష్టం మందు మితిమీరడం. మన కష్టం చాలాచోట్ల అసలు మందే అందకపోవడం. క్యాన్సర్ ముదిరి విలవిల్లాడే రోగికి మార్ఫిన్ దొరకని జిల్లాలు ఇప్పటికీ ఉన్నాయి. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి వైద్యం కోసం మార్ఫిన్ దొరకడాన్ని కాస్త సులువు చేశారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ కోసమే నడిచే విభాగం ఎన్నో ఇళ్లలో చివరి రోజుల్ని భరించగలిగేవిగా మార్చింది. ఆఖరి వారాల్లో ఉన్న మనిషికి టెస్టోస్టిరాన్ లెక్క అక్కర్లేదు. నొప్పి లేకుండా మనవడితో నాలుగు మాటలు మాట్లాడగలగడమే కావాలి. ఈ హార్మోను ప్రశ్న క్యాన్సర్ నుంచి బయటపడి ఇంకా ఏళ్ల తరబడి బతకబోయే నలభై ఏళ్ల మనిషిది, డిస్క్ జారి ఆరు నెలలుగా మాత్ర మీద ఉన్న ఆటో డ్రైవరుది, పెళ్లై రెండేళ్లయినా పిల్లలు కలగక తిరుగుతున్న యువకుడిది.

మరి వైద్యం? మొదటి మెట్టు మందునే ప్రశ్నించడం. నొప్పికి ఓపియాయిడ్ ఇంకా అవసరమా, మోతాదు తగ్గించవచ్చా, వేరే మందుకు మారవచ్చా. ఇది వైద్యుడితో కలిసి నెమ్మదిగా చెయ్యాల్సిన పని. నెలల తరబడి వాడినదాన్ని ఎవరికి వారే ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు తిరగబడుతుంది. ఇలా మార్చడం కుదరనప్పుడు టెస్టోస్టిరాన్‌ను జెల్‌గానో ఇంజెక్షన్‌గానో బయటి నుంచి ఇస్తారు. దాని మీద ఆశలు ఎక్కడ పెట్టుకోవచ్చో చెప్పే పరీక్షలు రెండున్నాయి. 2015లో షెహజాద్ బసారియా బృందం ఓపియాయిడ్లు వాడుతూ హార్మోను తగ్గిన 84 మంది మగవాళ్లలో 14 వారాలు కొందరికి టెస్టోస్టిరాన్ జెల్, కొందరికి మందు లేని ఉత్తి జెల్ ఇచ్చి పోల్చింది. టెస్టోస్టిరాన్ అందినవాళ్లలో కోరిక పెరిగింది, శరీరంలో కండ వాటా మెరుగైంది. ప్రయోగశాలలో నొక్కి చూసినప్పుడు నొప్పి సున్నితత్వమూ తగ్గింది. కానీ రోజువారీ నొప్పి ఎలా ఉందని అడిగితే చెప్పుకోదగ్గ తేడా లేదు. 2020లో డెన్మార్క్‌లో 41 మందితో 24 వారాలు జరిగిన పరీక్షలోనూ కండ పెరిగింది, కొవ్వు తగ్గింది, నొప్పి మాత్రం మారలేదు. హార్మోను ఇస్తే నొప్పి కూడా పోతుందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మడానికి ఈ ఫలితాల్లో ఆధారం దొరకదు.

టెస్టోస్టిరాన్‌కు దాని సొంత చిక్కులూ ఉన్నాయి. రక్తం చిక్కబడవచ్చు. చికిత్స జరగని ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు, ఈ మధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు. ఐదు వేల మందికి పైగా పాల్గొన్న ట్రావర్స్ పరీక్ష 2023లో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరగలేదని ఊరట ఇచ్చినా, గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో గడ్డలు కాస్త ఎక్కువగా కనిపించాయి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ తీసుకుంటే మెదడు తన డప్పును పూర్తిగా కింద పెట్టేస్తుంది, వీర్యకణాల సంఖ్య పడిపోతుంది. పిల్లలు కావాలనుకునేవాడికి మగతనం పెంచే ఇంజెక్షన్ అని పొడిచేస్తే తండ్రి కావడం ఇంకా దూరమవుతుంది. అలాంటివాళ్లకు హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, క్లోమిఫెన్ లాంటి వేరే దారులున్నాయి. అవి హార్మోన్ల వైద్యుడు తేల్చాలి.

పరీక్ష చెయ్యడం పెద్ద పని కాదు. టెస్టోస్టిరాన్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది కాబట్టి పరగడుపున, పొద్దున్నే రక్తం ఇవ్వాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చిన రక్తంతో వచ్చిన అంకెను నమ్మడానికి లేదు. ఒక్కసారి తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి, తోడుగా ఎల్‌హెచ్ కూడా చూడాలి. జ్వరంలోనో, ఆపరేషన్ అయిన వారంలోనో చెయ్యకూడదు. అంకె ఒక్కటే చాలదు, లక్షణాలూ ఉండాలి.

రోగి వైపు నుంచి చెయ్యగలిగింది ఒకటుంది. మూడు నెలలుగా నొప్పి మాత్ర వాడుతూ నీరసం, కోరిక తగ్గడం మొదలైతే, ఆ మాత్ర స్ట్రిప్‌నే జేబులో పెట్టుకుని వెళ్లి వైద్యుడి బల్ల మీద పెట్టి, “డాక్టరుగారూ, ఇది వాడటం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇలా ఉందండీ” అనడం. సిగ్గు వల్ల అంతకు మించి నోరు పెగలకపోయినా ఫరవాలేదు. ఎప్పుడు మొదలైందన్న ఆ ఒక్క మాటతో వైద్యుడు మిగతా ప్రశ్నలు అడగగలడు.